పాతికేళ్ల ఫ్రెంచి డబ్బా వ్యాను అమెరికాలో అమ్మాలంటే: నా అనుభవం

రెనో కాంగూ. వెనక రెండు తలుపులు, కుడి పక్కన ఒక జారుడు తలుపు, ముందు సీట్ల వెనకంతా ఖాళీ రేకు డబ్బా. ఫ్రాన్స్‌లో ప్లంబర్లూ, రొట్టెల దుకాణాల వాళ్ళూ, పోస్టు వాళ్ళూ వాడి అరగదీసిన బండి. అమెరికాలో దీన్ని కొత్తగా ఎప్పుడూ అమ్మలేదు. అలాంటివి రెండు 2024లో న్యూజెర్సీకి తెచ్చి, ఇక్కడి రోడ్డుకు తగ్గట్టు మార్చి అమ్మాం. ఒకటి కిటికీల్లేని డబ్బా వ్యాను, రెండోది వెనక సీట్లూ అద్దాలూ ఉన్న అయిదు సీట్ల బండి. నా భాగస్వామికి పాత కార్ల డీలరు లైసెన్సు ఉంది కాబట్టి అమ్మకం దగ్గర చిక్కు లేదు. మిగతా ప్రతి మెట్టులోనూ ఏదో ఒకటి తగిలింది. ఈ పని తలపెట్టేవాళ్ళకి ఏ నెలలో ఏం జరుగుతుందో, ఎంత అవుతుందో తెలియాలని రాస్తున్నాను.

ఈ సైజు వ్యానుకు ఇక్కడ గిరాకీ ఎందుకంటే, కొత్తవి దొరకడం లేదు. నిస్సాన్ ఎన్‌వీ200 అమ్మకం 2021తో, ఫియట్ డోబ్లోని మార్చి తెచ్చిన ర్యామ్ ప్రోమాస్టర్ సిటీ 2022తో, చివరి ఏళ్ళలో స్పెయిన్ నుంచి వచ్చిన ఫోర్డ్ ట్రాన్సిట్ కనెక్ట్ 2023తో ఆగిపోయాయి. పూల కొట్టు, కాఫీ బండి, కేకుల డెలివరీ లాంటివి చేసేవాళ్ళకి పెద్ద వ్యాను అనవసరం. పైగా ముద్దుగా కనబడే పాత యూరప్ బండి అయితే దుకాణానికి బోర్డు కూడా అదే.

కొనడం: 2023 నవంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా

రూలు ఒక్క ముక్కలో ఇది: తయారై 25 ఏళ్ళు నిండిన బండికి అమెరికా భద్రతా ప్రమాణాలు వర్తించవు, 21 ఏళ్ళు నిండి మొదటి ఇంజనుతో ఉన్నదానికి కేంద్ర పొగ ప్రమాణాలు వర్తించవు. మోడల్ సంవత్సరం కాదు, తయారైన తేదీ లెక్క. కొత్తగా యూరప్ నుంచి తెచ్చే వ్యానుకి కంపెనీలు చేసే పని, అంటే ఎయిర్ బ్యాగు మార్చడం, పెట్రోలు ఆవిరి పట్టే ట్యాంకు పెట్టడం, గుద్ది చూపించడం, ఇవన్నీ ఈ 25 ఏళ్ళ రూలుతో తప్పుతాయి. అందుకే 1999 మొదట్లో రిజిస్టరైన బండ్లనే వెతికాం.

ఫ్రాన్స్ బండి కార్డులో చూడాల్సిన గళ్ళు రెండు. ‘బి’ అనే గడిలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఉంటుంది. రిజిస్టరయ్యిందంటే అంతకు ముందే తయారైనట్టు కాబట్టి, ఆ తేదీకి పాతికేళ్ళు నిండితే ఎవరూ వాదించలేరు. తయారీ తేదీ కోసం కంపెనీకి ఉత్తరం రాసి ఎదురు చూడక్కర్లేదు. రెండోది ‘జే.1’ గడి. అందులో ‘సీటీటీఈ’ అని ఉంటే సరుకు వ్యాను, ‘వీపీ’ అని ఉంటే మనుషుల బండి. ఆ అక్షరాలు ఎంత డబ్బుతో సమానమో కింద చెబుతాను.

బండి కింద దూరి చూడాల్సింది ముఖ్యంగా వెనక యాక్సిల్. ఈ కాంగూలో వెనక స్ప్రింగులు కాయిల్ కాదు, అడ్డంగా ఉండే టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. చక్రాలని పట్టే చేతులు తిరిగే చోట సూది బేరింగులు ఉంటాయి. నీళ్ళు దిగి అవి అరిగితే వెనక చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. బండి వెనక పది అడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉన్నా అదే రోగం. మొత్తం యాక్సిల్ మార్చాలి. అలాంటివి చవగ్గా వస్తాయి, వదిలేయండి. ఇంకో చోటు కప్పు వెనక భాగం. నిచ్చెనలాంటి పొడుగు సామాను పైకి పొడుచుకు వచ్చేలా కొన్ని కాంగూలకి వెనక కప్పులో తెరిచే మూత ఉంటుంది, ‘జిరఫాన్’ అంటారు. చూడ్డానికి బాగుంటుంది, కొనేవాళ్ళు ఫోటోలో అదే చూసి ఫోన్ చేస్తారు. కానీ దాని రబ్బరు ఎండి పగిలితే వాన నీళ్ళు నేరుగా వెనక తలుపుల కీళ్ళ మీదికి కారతాయి. చాపలా పరిచిన రబ్బరు షీటు ఎత్తి నేల రేకు చూడకుండా డబ్బివ్వకండి.

డబ్బా వ్యాను 3,200 యూరోలకి, అయిదు సీట్లది 3,900 యూరోలకి తెగింది. రెండూ 1.9 లీటర్ల టర్బో లేని డీజిల్, గేర్లు చేత్తో మార్చేవే. అమ్మేవాళ్ళ దగ్గర తీసుకోవాల్సిన కాగితాలు: అమ్మకం పత్రం, అప్పులూ జప్తులూ లేవని తెలిపే సర్టిఫికెట్, ఆరు నెలల్లోపు చేయించిన తనిఖీ రిపోర్టు, ఇక అసలు బండి కార్డు. అమ్మినప్పుడు ఆ కార్డు మీద అడ్డంగా గీత కొట్టి, ‘అమ్మేశాను’ అని తేదీ, టైము, సంతకం పెట్టడం అక్కడి పద్ధతి. ఆ గీత గురించి మళ్ళీ చెప్పాలి.

తాళాలు రెండూ అడిగి తీసుకోండి. ఆ కాలం రెనో డీజిళ్ళలో తాళంలోని చిప్పు ఒప్పుకుంటేనే పంపు మీద ఉన్న డీజిల్ వాల్వు తెరుచుకుంటుంది. ఉన్న ఒక్క తాళం పోర్టులో పోతే బండిని ఫోర్కులిఫ్టుతో మోయించుకోవాలి. ఒక తాళం బండితో పంపి, రెండోది కొరియర్‌లో తెప్పించుకున్నాం.

ఓడ: 2024 మార్చి, ఏప్రిల్

బండ్లు ట్రక్కు మీద బెల్జియంలోని జీబ్రుగ్గా పోర్టుకి వెళ్ళాయి. కంటెయినర్ కాకుండా, నడిపి ఎక్కించే రోరో ఓడ. బండికి సుమారు 1,350 డాలర్లు. ట్యాంకులో పావు వంతుకి మించి డీజిల్ ఉండకూడదు, లోపల సామాను పెట్టకూడదు. టైమింగు బెల్టు కిట్లు, బ్రేకు షూలు బండిలోనే వేసి పంపితే కలిసొస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ పని చేయొద్దు, విడిగా పార్సిల్ చేయండి.

ఓడెక్కే ముందు కింద భాగం ఆవిరితో కడిగించాలి. బండికి అంటిన పరాయి దేశపు మట్టిని అమెరికా వ్యవసాయ శాఖ రానివ్వదు. 110 యూరోలు ఇచ్చి కడిగించి బిల్లు దాచాం. చక్రాల ఆర్చీల లోపలి ప్లాస్టిక్ తొడుగు విప్పకుండా కడిగితే మాత్రం దాని వెనక గట్టిపడిన మట్టి అలాగే ఉంటుంది. మా డబ్బా వ్యాను పొలాల దారుల్లో తిరిగింది. ఎడమ వెనక ఆర్చీలో గుప్పెడు మట్టి దొరికింది. ఇక్కడ మళ్ళీ కడిగించడానికి 160 డాలర్లు, అప్పాయింట్‌మెంటు కోసం ఎదురుచూపు అదనం.

ఓడ బాల్టిమోర్‌కి బుక్ అయింది. రోరో బండ్లు ఎక్కువగా దిగే పోర్టు, రేటు తక్కువ. మార్చి 26 తెల్లవారుజామున అక్కడి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనని ఒక కంటెయినర్ ఓడ గుద్దడం, అది కూలడం, దారి మూసుకుపోవడం అందరికీ తెలిసిందే. మా బండ్లు అప్పుడు అట్లాంటిక్ మధ్యలో ఉన్నాయి. ఎక్కడ దిగుతాయో కొద్ది రోజులు ఎవరూ చెప్పలేదు. ఆరుగురు చనిపోయిన దుర్ఘటన టీవీలో చూస్తూ, నా పాత వ్యాన్లు ఏమయ్యాయని అడగడానికి నోరు రాలేదు. చివరికి ఓడని నెవార్క్‌కి మళ్ళించారు. మా ఇంటికి అదే దగ్గర. అయినా ఖర్చు పెరిగింది, ఎందుకంటే కస్టమ్స్ కాగితాలు బాల్టిమోర్ కోడు 1303తో తయారయ్యాయి. వాటిని నెవార్క్ కోడు 4601కి మార్చేదాకా బండి కదలదు. మళ్ళించిన సరుకంతా వచ్చి పడటంతో టెర్మినల్ కిక్కిరిసి ఉంది, ఉచితంగా ఉంచే గడువు ఈలోగా దాటిపోయింది. నిలవ అద్దె, లోపలికి తీసుకెళ్ళే ఎస్కార్టు ఫీజు కలిపి డబ్బా వ్యాను మీదే 280 డాలర్లు. పోర్టు ఆవరణలోకి వెళ్ళాలంటే ‘ట్విక్’ అనే గుర్తింపు కార్డు ఉండాలి, లేకపోతే ఉన్నవాళ్ళు వెంట రావాలి, దానికి డబ్బు.

బ్యాటరీలు రెండూ చచ్చిపోయి ఉన్నాయి. జంపు పెట్టి స్టార్టు చేసే డబ్బా మీతోనే తీసుకెళ్ళండి.

కస్టమ్స్

కావాల్సిన ఫారాలు మూడు. రవాణా శాఖ హెచ్‌ఎస్-7లో ఒకటో గడికి టిక్కు, అంటే 25 ఏళ్ళు దాటిన బండి. పర్యావరణ సంస్థ 3520-1లో ‘ఈ’ కోడు, అంటే 21 ఏళ్ళు దాటి మార్పులు చేయనిది. ఇంజను మార్చాలనుకుంటే ఇక్కడికి వచ్చాకే ఆలోచించాలి, అక్కడే మార్చి తెస్తే ఈ కోడు వర్తించదు. మూడోది కస్టమ్స్ 7501, సుంకం లెక్క ఇందులోనే. బ్రోకరు, ముందస్తు సమాచారం దాఖలు, ఒక్క దిగుమతికి పనికొచ్చే బాండు కలిపి బండికి 520 డాలర్లు పడింది.

ఇప్పుడు జే.1 గడి సంగతి. మనుషుల బండి 8703 శీర్షిక కింద వస్తుంది, 2024లో దాని సుంకం 2.5 శాతం. సరుకు బండి 8704 కింద, అప్పుడు 25 శాతం. ఇదే ‘చికెన్ ట్యాక్స్’. అమెరికా కోళ్ళ మీద పశ్చిమ యూరప్ దేశాలు సుంకం పెంచాయని 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బదులుగా వేసింది. అప్పుడు బ్రాందీ, బంగాళదుంప పిండి కూడా ఆ జాబితాలో ఉండేవి. అవన్నీ పోయి ట్రక్కులూ వ్యాన్లూ మిగిలాయి. పాతికేళ్ళ రూలు భద్రతకి మినహాయింపు ఇస్తుంది తప్ప ఈ సుంకానికి ఇవ్వదు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు.

లెక్క చూడండి. డబ్బా వ్యాను ధర 3,200 యూరోలు, ఆనాటి రేటుకి దాదాపు 3,480 డాలర్లు. సుంకం 870. అయిదు సీట్లది ధర ఎక్కువే, 4,240 డాలర్లు, సుంకం మాత్రం 106. ఓడ కిరాయి మీద సుంకం లేదు, అందుకే బిల్లులో బండి ధర, కిరాయి వేరువేరుగా రాయించాలి. వీటికి తోడు ప్రాసెసింగు ఫీజు, అప్పటి కనీస మొత్తం 31 డాలర్ల 67 సెంట్లు, రేవు నిర్వహణ ఫీజు 0.125 శాతం.

డబ్బా వ్యానులో రెండు పాత సీట్లు బిగించి మనుషుల బండి అని రాసేస్తే పోలేదా అని నన్ను ఎంతమంది అడిగారో! అదే ఆలోచన ఫోర్డ్ పెద్ద ఎత్తున చేసింది. టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్టులని వెనక సీట్లు, కిటికీలతో దించి, 2.5 శాతం కట్టి, పోర్టు దాటాక సీట్లు పీకి కిటికీలకి రేకు వేసి సరుకు వ్యాన్లుగా అమ్మేది. 2013లో కస్టమ్స్ కుదరదంది. 2017లో వాణిజ్య కోర్టులో ఫోర్డ్ గెలిచింది, 2019లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని తిరగేసింది. సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు. 2024 మార్చిలో, సరిగ్గా మా బండ్లు ఓడెక్కిన నెలలో, 36.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అంత పెద్ద లాయర్లతో నెగ్గనిది రెండు బండ్ల వాళ్ళం నెగ్గుతామా. 870 కట్టేశాం.

విడుదలయ్యాక 7501 మీద ముద్ర వేయించుకోండి. ఈ రోజుల్లో విడుదల అంతా కంప్యూటర్లోనే జరుగుతుంది, ముద్ర అక్కర్లేదని బ్రోకరు అంటారు. కస్టమ్స్‌కి అక్కర్లేదు నిజమే, కానీ రాష్ట్రంలో టైటిలు, అంటే బండి యాజమాన్య పత్రం, ఇచ్చే గుమాస్తా మొదట వెతికేది ఆ ముద్రే.

డబ్బా వ్యాను షెడ్డుకి చేరేసరికి దాదాపు 7,500 డాలర్లు అయింది: ధర 3,480, యూరప్‌లో ట్రక్కు 600, కడగడం రెండు సార్లకి 280, ఓడ 1,350, దారి బీమా 90, బ్రోకరు 520, సుంకమూ ఫీజులూ 906, టెర్మినల్ 280.

షెడ్డులో: మే, జూన్

చట్టానికి అవసరమైన మార్పులు దాదాపు లేవు. కొనేవాడు వాడుకోగలిగేలా చేయడానికే పని ఎక్కువ.

టైమింగు బెల్టు మొదటి పని. ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా లేకపోతే మార్చినట్టు కాదు. ఈ ఇంజనులో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. బెల్టు, టెన్షనరు, నీళ్ళ పంపు ఫ్రాన్స్ నుంచి 190 డాలర్లలో వచ్చాయి. గ్లో ప్లగ్గులు నాలుగూ 60.

డీజిల్ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సీటేన్ అంకె యూరప్‌లో కనీసం 51, అమెరికాలో కనీసం 40 చాలు. అందుకే పొద్దున్నే స్టార్టు చేస్తే ఫ్రాన్స్‌లో లేని టకటక ఇక్కడ వినబడుతుంది, తెల్ల పొగ కాస్త ఎక్కువ వస్తుంది. ఇంజను పాడైందని కంగారు పడక్కర్లేదు. అసలు జాగ్రత్త పంపు విషయంలో. ఈ పాత రోటరీ పంపుకి నూనె వేరే లేదు, డీజిలే నూనె. డీజిల్ జిడ్డు కొలిచే పరీక్షలో అరుగుదల మచ్చ యూరప్‌లో 460 మైక్రాన్లు దాటకూడదు, అమెరికాలో 520 దాకా ఒప్పుకుంటారు. అంటే ఇక్కడి డీజిల్ పొడిగా ఉండవచ్చు. రెండు శాతం బయోడీజిల్ కలిసినా సరిపోతుంది. అది దొరకని చోట జిడ్డు పెంచే మందు ప్రతి ట్యాంకుకీ పోయాలి. లారీలు నింపే పంపు నాజిలు ఈ బండి మూతిలో పట్టదు, కార్ల వైపు పంపుకే వెళ్ళాలి. ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ పిడి అంటే పెట్రోలు, ఇక్కడ చాలా బంకుల్లో ఆకుపచ్చ అంటే డీజిల్. మూత మీద ఇంగ్లీషులో ‘డీజిల్ మాత్రమే’ అని పెద్ద స్టిక్కరు వేశాం.

మీటరు కిలోమీటర్లలోనే ఉంది. ఇంగ్లండు కాంగూ మీటరు బిగిస్తే మైళ్ళు వస్తాయి, పాతసామాను వాళ్ళ దగ్గర చవగ్గా దొరుకుతుంది కూడా. కానీ దాంతో ఓడోమీటరు అంకె మారిపోతుంది. పాత అంకె పెట్టలేకపోతే సున్నా చేసి, ఎడమ తలుపు చట్రానికి పాత రీడింగు, మార్చిన తేదీతో కాగితం అతికించాలని కేంద్ర చట్టం. ఆ గొడవ లేకుండా ఉన్న డయలు మీదే పలచటి ముద్రిత పొర వేయించాం. బోర్డులు రాసే షాపులో 45 డాలర్లు. ముల్లు పీకకూడదు, పొరకి మధ్య నుంచి అంచుదాకా సన్నగా కోత పెట్టి ముల్లు కిందుగా తిప్పి జరపాలి. 30 మైళ్ళ గీత 48 కిలోమీటర్ల దగ్గర, 55ది 88న్నర దగ్గర, 65ది 105కి కాస్త ముందు పడాలి. జీపీఎస్‌తో సరిచూసి గమ్ము ఆరనివ్వాలి.

లైట్లు: ఫ్రాన్స్‌లో కూడా కుడి పక్కనే నడుపుతారు కాబట్టి హెడ్‌లైటు కాంతి పడే తీరు సరిగ్గానే ఉంటుంది. ఇంగ్లండు బండి అయితే అవీ మార్చాల్సి వచ్చేది. ఇక్కడి బండ్లకి పక్కల ముందు పసుపు, వెనక ఎరుపు మార్కరు లైట్లుంటాయి. పాతికేళ్ళ బండికి కేంద్రం అడగదు, రాష్ట్ర తనిఖీలో అడగవచ్చు, రాత్రిపూట పనికొస్తాయి కూడా. నాలుగు చిన్న ఎల్‌ఈడీలు పెట్టాం. వెనక ఫాగు లైటు ఒక వైపే ఉంటుంది. అది వేసి నడిపితే బ్రేకు లైటు ఒకటి చెడిందని వెనకవాళ్ళు హారను కొడతారు. నంబరు ప్లేటు ఇంకో చిన్న తలనొప్పి. యూరప్‌ది 520 మిల్లీమీటర్ల పొడవు, 110 ఎత్తు. ఇక్కడిది 305, 152. తలుపు మీద ఉన్న గాడిలో ఎత్తు పట్టదు, దాని దీపం కాంతి సగం పైకి పోతుంది. అల్యూమినియం పట్టీతో ఒక అంగుళం ముందుకి తెచ్చి బిగించాం. మార్కర్లూ ఇదీ కలిపి 85.

టైర్లు 165/70 ఆర్14. ఈ సైజు ఇక్కడ వెతుక్కోవాలి. 175/65 ఆర్14 ఏ కొట్లోనైనా దొరుకుతుంది, చుట్టుకొలత దాదాపు అంతే. కానీ మామూలు కారు టైరు లోడ్ ఇండెక్సు 82, అంటే ఒక్కోటి 475 కిలోలు. రెండు కలిపి 950. మీ బండి రేకు మీద వెనక యాక్సిల్‌కి రాసిన బరువు అంతకంటే ఎక్కువైతే 85 లేదా అంతకు పైన ఉన్న గట్టి టైరే తెప్పించాలి. డబ్బా వ్యానుకి అలాగే తెప్పించాం, నాలుగు 340. చక్రం నాలుగు బోల్టులది, 100 మిల్లీమీటర్ల వలయం.

అన్నిటికంటే విసిగించింది ఏసీ. 1999 డబ్బా వ్యాన్లలో అది ఐచ్ఛికం, మాదాంట్లో లేదు. టెక్సస్ నుంచి ఫోన్ చేసిన ఒక తెలుగాయన “అన్నా, ఆటోమేటిక్ లేదన్నావు సరే, ఏసీ కూడా లేదంటే ఎట్లా?” అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. కంప్రెసరు బ్రాకెట్టు, పొడుగు బెల్టు ఏసీ ఉన్న కాంగూ నుంచి తెప్పించి, డ్యాషు కింద పెట్టే మామూలు కిట్టు బిగించాం. మొత్తం 1,450 డాలర్లు. ఏసీ వేస్తే 65 గుర్రాల ఇంజను మీద భారం బాగా తెలుస్తుంది, హైవే ఎక్కేటప్పుడు ఏసీ ఆపుకోవాలి. చలి రాష్ట్రాల వాళ్ళకి అమ్మేట్టయితే ఈ ఖర్చు పెట్టకండి.

బ్రేకు గొట్టాలు, షూలు 230. రేడియో మార్చక తప్పలేదు, 110. యూరప్ రేడియో ఏఎం స్టేషన్లని 9 కిలోహెర్ట్జ్ అంగలతో వెతుకుతుంది, ఇక్కడ అంగ 10. ప్లైవుడ్ షీటు పడుతుందా అని ప్రతి వడ్రంగీ అడుగుతాడు. నాలుగడుగులంటే 1219 మిల్లీమీటర్లు. ఈ మొదటి తరం కాంగూలో చక్రాల ఆర్చీల మధ్య అంత వెడల్పు లేదు, షీటు వాలుగా పెట్టాలి. ప్రోమాస్టర్ సిటీలో 48.4 అంగుళాలు ఉండేది కాబట్టి పట్టేది. అడిగినవాళ్ళకి అదే చెప్పి పంపాం.

టైటిలు, బీమా: జూన్ నుంచి ఆగస్టు దాకా

బండి సిద్ధమై ఎండలో నిలబడి ఉంది, కాగితం రాదు. ఈ రెండు నెలలే ఎక్కువ కుంగదీశాయి.

మొదటి అడ్డు ఆ గీత. కార్డు మీద అడ్డంగా గీత ఉంటే అమెరికా గుమాస్తా దృష్టిలో అది రద్దయిన పత్రం. వెనక్కి పంపేశారు. అనువాదం చేసిన ఆయన చేత, ఆ గీత ఫ్రాన్స్ చట్టం ప్రకారం అమ్మినవాడు పెట్టాల్సిందేనని, పక్కన ఉన్న ఫ్రెంచి మాటల అర్థం ఇదని ఒక పేరా అదనంగా రాయించి, ప్రమాణంతో మళ్ళీ ఇచ్చాం. అనువాదం, టైటిలు ఫీజు కలిపి 140. మీరు మొదటిసారే ఆ పేరా రాయించుకోండి.

రెండో అడ్డు విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు. కాంగూకి 17 అక్షరాలు ఉన్నాయి, వీఎఫ్1తో మొదలవుతుంది. ఉత్తర అమెరికా బండ్లలో తొమ్మిదో అక్షరం చెక్ డిజిట్, మిగతా పదహారింటి నుంచి లెక్కకట్టి వచ్చేది. యూరప్‌లో ఆ రూలు లేదు. కంప్యూటరు లెక్క చూసి ‘చెల్లదు’ అంటుంది. దాన్ని చేత్తో దాటించే అధికారం ఉన్న మనిషి కౌంటరులో ఉండరు, ఫైలు పై ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడ ఎక్కువ వారాలు ఆగింది. విన్ రేకు, కార్డు, 7501 మూడింటి ఫోటోలు ఒకే పేజీలో పెట్టి పంపాక కదిలింది. ఫారాల్లో సున్నా, ‘ఓ’ అక్షరం తేడా లేకుండా చూసుకోండి. విన్‌లో ‘ఓ’ ఉండదు.

బీమాలోనూ అదే చెక్ డిజిట్ గొడవ. వెబ్‌సైటులో ధర రాదు, ఏజెంటుతో మాట్లాడి తీరాలి. పాత బండ్లకి ఇచ్చే కలెక్టరు పాలసీ చవక, కానీ వ్యాపారానికి వాడితే వర్తించదు. పూల డెలివరీ చేస్తూ ఆ పాలసీ పెట్టుకుంటే క్లెయిము రోజున చేతులెత్తేస్తారు. కొనేవాళ్ళకి అమ్మకం ముందే వాణిజ్య పాలసీ కొటేషను తెచ్చుకోమని చెప్పాం. ఇద్దరు ఆ కొటేషను చూసి తప్పుకున్నారు.

కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఫోన్లకి మేమే వద్దన్నాం. అక్కడ పొగ మినహాయింపు మరీ పాత మోడళ్ళకే. కేంద్రం 21 ఏళ్ళ రూలు ఆ రాష్ట్రంలో పనిచేయదు. ల్యాబులో పరీక్షకయ్యే ఖర్చు బండి ధరని మించుతుంది. కొన్ని రాష్ట్రాలు చిన్న దిగుమతి బండ్లకి టైటిలు ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నాయి కూడా. కొనేవాళ్ళ రాష్ట్రం ఆఫీసు నుంచి ఈమెయిలు సమాధానం తెప్పించుకున్నాకే అడ్వాన్సు పుచ్చుకున్నాం.

అయిదు సీట్లది ముందు పోయింది, పెన్సిల్వేనియాలో ఒక కుటుంబానికి. డబ్బా వ్యాను ఆగస్టు చివర్లో ఒక కాఫీ దుకాణం వాళ్ళు 12,800కి తీసుకున్నారు. దాని మీద షెడ్డులో 2,510, కాగితాలకి 140, అంతకు ముందు 7,500. చేతి పని లెక్కేయకుండా మిగిలింది దాదాపు 2,650. సుంకం 2.5 శాతమే ఉండుంటే దాదాపు మరో ఎనిమిది వందలు మిగిలేవి. అమ్మకం బిల్లులో ‘ఉన్నది ఉన్నట్టుగా, కేంద్ర భద్రతా ప్రమాణాలకి తయారైంది కాదు’ అని రాసి సంతకం తీసుకున్నాం. ముద్ర ఉన్న 7501 అసలు ప్రతి, హెచ్‌ఎస్-7, అనువాదం ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చాం. రేపు వాళ్ళు ఇంకో రాష్ట్రానికి మారితే అవే మళ్ళీ అడుగుతారు. సంచిలో రెండో తాళం, ఒక డీజిల్ ఫిల్టరు, జిడ్డు మందు రెండు సీసాలు కూడా వేశాం.